తుట్టె కాల్చే చెయ్యి ఎవరిది?

పూత కాలం వచ్చిందంటే నగరాల్లో నీళ్ల ట్యాంకుల కింద, బాల్కనీల అంచులకు పెద్ద పెద్ద తేనెతుట్టెలు వేలాడతాయి. మొదటి రోజు ఎవరూ పట్టించుకోరు. రెండో రోజు అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఫొటో వస్తుంది. మూడో రోజు ఒక మాట వస్తుంది: 'ఎవరినైనా పిలిపించి తీయించండి.'

ఆ 'ఎవరైనా' ఎవరు? ఈ వ్యాసమంతా ఆ ఒక్క ప్రశ్న మీదే.

ఆ 'ఎవరైనా' ఫ్లాటు యజమాని కాడు. ఆయన కొడుకు కాడు. రాత్రి పదకొండు దాటాక పొడవాటి కర్రకు గుడ్డ చుట్టి, కిరోసిన్‌లో ముంచి, ట్యాంకు నిచ్చెన ఎక్కేది వాచ్‌మన్. లేదా వాచ్‌మన్ తన ఊరి నుంచి పిలిపించిన బావమరిది. లేదా రోడ్డు పక్క బకెట్లో తేనె అమ్ముకునే మనిషి. లేదా వీపున మందు డబ్బా మోసుకొచ్చే పెస్ట్ కంట్రోల్ కుర్రాడు. అతని కులం ఎవరూ అడగరు. అడగాల్సిన అవసరం లేదు గనుక అడగరు. ఈ దేశంలో కొన్ని పనులు తమ కులాన్ని తామే వెతుక్కుంటాయి.

ఇళ్ల చుట్టూ ఉండే కుట్టే పురుగులను, చెదలను, ఎలుకలను, పాములను తొలగించడం నైపుణ్యం కావలసిన పని. అది ప్రజారోగ్యానికి సంబంధించిన పని కూడా. దానిని మన సమాజం మురుగు గుంతలో దిగే పని పక్కన పెట్టింది. ఇల్లు మనది, భయం మనది, విషం పీల్చే ఊపిరి మాత్రం ఇంకొకరిది. చివరికి పాపం కూడా ఇంకొకరిదే. 'మేము చీమనైనా తొక్కం' అని చెప్పుకునే ఇళ్లలోనే మూడు నెలలకోసారి మందు కొట్టించే ఒప్పందాలు ఉంటాయి. ఈ కపటాన్ని వ్యతిరేకిస్తూ రాస్తున్నాం. వాడల నుంచి ఫ్లాట్లకు వచ్చిన మన వాళ్లను కూడా ఉద్దేశించి రాస్తున్నాం. మెట్లు ఎక్కి వచ్చినవాళ్లకు మెట్లు కడిగేవాళ్లు కనిపించాలి కదా.

ముందు చట్టం సంగతి చూద్దాం. 1958లో కేరళలో పారాథియాన్ అనే పురుగుమందు కలిసిన గోధుమపిండి తిని వందమందికి పైగా చనిపోయారు. ఆ ఘోరం తర్వాత జరిగిన విచారణల ఫలితంగా 1968లో పురుగుమందుల చట్టం, 1971లో దాని నియమావళి వచ్చాయి. ఈ చట్టం 13వ సెక్షన్ ప్రకారం పురుగుమందులు అమ్మేవాడికే కాదు, వాటితో వాణిజ్యపరంగా పెస్ట్ కంట్రోల్ చేసేవాడికి కూడా లైసెన్సు ఉండాలి. ఆ లైసెన్సు కోసం దరఖాస్తు చేసేవారు వ్యవసాయంలోనో, రసాయన శాస్త్రం ఒక సబ్జెక్టుగా సైన్సులోనో డిగ్రీ చదివి, గుర్తింపు పొందిన సంస్థలో శిక్షణ పూర్తి చేసి ఉండాలి. మందుతో పనిచేసేవారికి చేరే ముందు, ఆ తర్వాత నిర్ణీత కాలాల్లో వైద్య పరీక్షలు చేయించాలి. రక్షణ దుస్తులు, చేతి తొడుగులు, శ్వాస పరికరాలు ఇవ్వాలి. ప్రథమ చికిత్స, విరుగుడు మందులు అందుబాటులో ఉంచాలి. జాగ్రత్తల గురించి శిక్షణ ఇవ్వాలి. ఇవేవీ మా కోరికల చిట్టా కాదు. అర్ధ శతాబ్దం కిందటే రాసి పెట్టిన నియమాలు.

ఆచరణలో ఏమవుతోంది? డిగ్రీ పట్టా ఆఫీసు గోడ మీద ఫ్రేములో వేలాడుతుంది. డబ్బా మాత్రం పదో తరగతి తప్పిన కుర్రాడి వీపున వేలాడుతుంది. లైసెన్సు ఒకరిది, ఊపిరితిత్తులు ఒకరివి. మేము పనిచేసే బస్తీల్లో ఇలాంటి కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లను 'ఏ మందు కొడుతున్నావు తమ్ముడూ' అని అడిగితే చాలాసార్లు వచ్చే జవాబు ఒకటే: 'తెల్లది' లేదా 'వాసన వచ్చేది.' మందు డబ్బా మీద రంగు త్రిభుజం ఉంటుంది. ఎరుపు అత్యంత విషపూరితం, పసుపు దాని తర్వాతిది, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. ఆ నాలుగు రంగుల అర్థం చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టదు. ఆ ఐదు నిమిషాలు అతని కోసం ఎవరూ ఖర్చు పెట్టలేదు. పైగా అతను చూసేది అసలు డబ్బాను కాదు, అందులోంచి నీళ్ల సీసాలోకి వంపిన ద్రవాన్ని.

చెదలకు వాడే క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు నరాల మీద పనిచేస్తాయి. ఎక్కువగా ఒంటికి పడితే చెమటలు పడతాయి, నోట్లో నీళ్లూరతాయి, కంటిపాపలు చిన్నవవుతాయి, ఊపిరి అందదు. అట్రోపిన్ అనే విరుగుడుతో బతికించవచ్చు, సమయానికి అందితే. డైక్లోర్వాస్ అనే మందును బొద్దింకలకు, నల్లులకు ఏళ్ల తరబడి మన ఇళ్లలో కొట్టారు. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన ఉత్తర్వుతో 2020 డిసెంబర్ 31 నుంచి అది నిషిద్ధం. అంటే అప్పటిదాకా దానిని రోజుకు నాలుగిళ్లలో పీల్చినవాడు దేశంలోకెల్లా ఎక్కువగా దానికి గురైనవాడు. నిషేధం వచ్చింది. అతని ఆరోగ్యం సంగతి అడిగినవాళ్లు లేరు.

అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్లల సంగతి ఇంకా భయంకరం. గాలిలోని తేమ తగిలితే చాలు, ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. దానికి విరుగుడు లేదు. అందుకే దాన్ని ప్రభుత్వ సంస్థలకు, పెస్ట్ కంట్రోల్ నిర్వాహకులకు మాత్రమే, నిపుణుల పర్యవేక్షణలో వాడేలా పరిమితం చేశారు. అయినా ఎలుకల కోసమో, నల్లుల కోసమో ఆ బిళ్లలు గదుల్లో పెట్టి తలుపు మూసి వెళ్లేవాళ్లు ఉన్నారు. వాయువుకు గోడలూ గదులూ తెలియవు. పక్క గదిలో నిద్రపోయే పిల్లలకూ అది చేరుతుంది.

చట్టంలో ఒక కంత ఉంది. 38వ సెక్షన్ ప్రకారం ఎవరైనా తన సొంత ఇంటి అవసరానికి, పెరటి తోటకు, తాను సాగుచేసే భూమికి పురుగుమందు వాడుకుంటే ఈ చట్టం వర్తించదు. గృహస్థుడు ఈగల మందు కొట్టుకున్నందుకు కేసు పెట్టకూడదనే ఉద్దేశం సబబే. కానీ ఆ మినహాయింపు వెనుక నేడు అసోసియేషన్లు దాక్కుంటున్నాయి. మందు కొనేది యజమాని, చల్లేది వాచ్‌మన్. దీనిని 'సొంత వాడకం' అంటారా? చెయ్యి సొంతం కానప్పుడు వాడకం సొంతం ఎలా అవుతుంది? వాచ్‌మన్ మన ఇంటి చీపురు కాదు, మన సొత్తు అనుకోవడానికి. ఇంకొక మనిషి శరీరాన్ని మన ఇంటి సామానుగా లెక్కగట్టడం ఈ దేశంలో పాత అలవాటు. ఆ అలవాటునే చట్టం పేరు చెప్పి కొనసాగిస్తున్నారు.

మా దగ్గరికి ఒక స్త్రీ వచ్చింది. ఆమె భర్త రాత్రిపూట తేనెతుట్టె కాలుస్తూ ట్యాంకు మీంచి కిందపడ్డాడు. నడుము విరిగింది. అతన్ని పిలిచినవాళ్లు ఐదు వందల రూపాయలు, ధైర్యం కోసమని ఒక క్వార్టర్ సీసా ఇచ్చారు. నష్టపరిహారం అడిగితే 'అతను మా ఉద్యోగి కాదు, తాగి ఎక్కాడు' అన్నారు. తాగించిందీ వాళ్లే, తాగాడన్నదీ వాళ్లే. పనిలో ఉండగా ప్రమాదం జరిగితే పని చేయించుకున్నవాడిది బాధ్యత అన్న సూత్రం 1923 నాటి పరిహార చట్టం నుంచీ మనకుంది. కానీ రసీదు లేని, హాజరుపట్టీ లేని, పేరు కూడా అడగని పనికి ఆ సూత్రాన్ని తగిలించడం ఎంత కష్టమో కోర్టు మెట్లెక్కినవాళ్లకు తెలుసు. పేరు అడగకపోవడం మర్యాద లోపం అనుకుంటాం. నిజానికి అది బాధ్యత తప్పించుకునే ఏర్పాటు.

ఇక పురుగుల సంగతి. అపార్ట్‌మెంట్లకు వేలాడే పెద్ద తుట్టె కొండ తేనెటీగలది. వీటిని పెట్టెల్లో పెంచలేం. బహిరంగంగా ఒకే పట్టు కడతాయి. ఒక్కో పట్టు మీద వేలాది ఈగలు ఉంటాయి. ఇవి వలసపోయే జాతి. పూత ఉన్నన్నాళ్లు ఉండి, కొన్ని నెలలకు తామే పట్టు ఖాళీ చేసి వెళ్లిపోతాయి. చాలా తుట్టెల విషయంలో చేయవలసిన పని ఏమిటంటే, ఏమీ చేయకపోవడం. ఆ బాల్కనీ తలుపు మూసి ఉంచడం, రాత్రి అక్కడ లైటు ఆర్పడం, పిల్లలు రాళ్లు వేయకుండా చూడటం. తేనెటీగ కుడితే ముల్లు మన చర్మంలో ఉండిపోయి అది చచ్చిపోతుంది. కుట్టిన చోట వెలువడే వాసన మిగతా ఈగలను రెచ్చగొడుతుంది. అందుకే రాయి వేసినవాడొక్కడే కాదు, దారిన పోయేవాళ్లూ బలవుతారు. కందిరీగ అలా కాదు. ఒకటే పలుమార్లు కుట్టగలదు. గోడ మూలన మట్టిగూడు కట్టుకునే ఒంటరి కందిరీగకు మనతో పనే లేదు. ఈ తేడాలు తెలియకుండా అన్నిటినీ ఒకే మంటలో వేయడం అజ్ఞానం. ఆ మంట పట్టుకోవడానికి ఇంకొకరిని పంపడం అన్యాయం.

బడి గేటు మీద, ఆసుపత్రి కిటికీకి, కుట్టు పడని రోగి ఉన్న ఇంటికి తుట్టె పడితే? అప్పుడు తీయించాల్సిందే. అందులో సందేహం లేదు. కొందరికి ఒక్క కుట్టుతోనే ప్రాణం మీదికి వస్తుంది. కానీ తీయించడం అంటే కాల్చడం కాదు. చీకటి పడ్డాక, చుట్టుపక్కలవాళ్లను ఇళ్లలో ఉంచి, ఒంటినిండా రక్షణ దుస్తులు, ముఖానికి జాలీ వేసుకుని, నడుముకు తాడు కట్టుకుని, కింద ఇంకొక మనిషి తోడుండగా మెల్లగా పొగపెట్టి ఈగలను కదిలించి పట్టు కోయవచ్చు. ఆ చోట మైనం గీకేస్తే ఈగలు మళ్లీ అక్కడికే రాకుండా ఉంటాయి. నల్లమల చెంచులు తరతరాలుగా కొండ చరియల మీద తేనె తీస్తున్నారు. తేనె ఉన్న భాగాన్నే కోసి, పిల్ల ఉన్న భాగాన్ని వదిలే పద్ధతిలో మన రాష్ట్రాల్లో గిరిజనులకు శిక్షణలు కూడా జరిగాయి. పద్ధతి ఉంది, తెలిసినవాళ్లు ఉన్నారు. లేనిది వాళ్లకు తగిన కూలి ఇచ్చే మనసు.

ఇక్కడ కొందరు పంచశీలను ముందుకు తెస్తారు. 'మొదటి శీలం తీసుకున్నాం, మా చేత్తో చంపం' అంటారు. మంచిది. దమ్మపదంలోని దండవర్గం చంపవద్దని మాత్రమే చెప్పి ఆగలేదు, చంపించవద్దని కూడా చెప్పింది. ఫోన్ చేసి చంపించినవాడి శీలం, కర్ర పట్టుకున్నవాడి శీలం కన్నా శుభ్రమైనది ఎలా అవుతుంది? తన చేతికి మరక అంటకుండా ఇంకొకరితో చేయించి, ఆ మరకను బట్టి అతన్ని తక్కువవాడనడం బుద్ధుడి దారి కాదు. అది మనం వదిలేసి వచ్చిన ఇంటి ఆచారం. జంతువు తోలు కావాలి, తోలు తీసినవాడు వద్దు. ఊరు శుభ్రంగా ఉండాలి, శుభ్రం చేసినవాడు ఊరి బయట ఉండాలి. ఆ లెక్కలోనే నేడు 'పురుగులు పోవాలి, మందు కొట్టినవాడు సర్వీస్ లిఫ్టులో రావాలి' అంటున్నారు.

బాబాసాహెబ్ 'బుద్ధుడు - ఆయన ధమ్మం' గ్రంథంలో అహింసను వివరిస్తూ, చంపాలన్న కోరికకూ చంపక తప్పని అవసరానికీ తేడా చూపించారు. అహింసను గుడ్డిగా పాటించే నియమంగా కాక, ఆలోచించి నడుచుకోవలసిన సూత్రంగా చూడమన్నారు. ఈ తేడా మన ఇంటి గుమ్మం దగ్గర కూడా పనికొస్తుంది. డెంగీ దోమను వదిలిపెట్టమని మేము చెప్పడం లేదు. ప్లేగు మోసే ఎలుకతో సహజీవనం చేయమని చెప్పడం లేదు. అవసరమా, విసుగా అని ముందు అడగమంటున్నాం. అవసరమే అయితే, ఆ అవసరం తీర్చే మనిషి ప్రాణానికి మన ప్రాణంతో సమానమైన రక్షణ ఇచ్చామా అని రెండోసారి అడగమంటున్నాం.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో తొమ్మిదో శాసనం నిజమైన మంగళకార్యం ఏదో చెబుతుంది. దాసులతో, కూలివారితో సరిగా మెలగడం, పెద్దలను గౌరవించడం, ప్రాణుల పట్ల సంయమనం. మొదట వచ్చింది ఎవరో చూడండి. దాసులూ కూలివారూ. పదకొండో శాసనంలోనూ అదే వరస. ఢిల్లీ-తోప్రా స్తంభం మీది ఐదో శాసనం జీవాలున్న పొట్టును కాల్చకూడదంటుంది. రెండువేల రెండు వందల ఏళ్ల కిందటి రాజుకు పొట్టులోని పురుగూ గుర్తుంది, పని చేసే మనిషీ గుర్తున్నాడు. మన అసోసియేషన్ తీర్మానాల పుస్తకంలో రెండూ లేవు. అశోకుడి పేరు చెప్పి ప్రాణిదయ మాట్లాడేవాళ్లు కూలివారి మాటను ఎప్పుడు మింగేశారు?

'పని పోగొడుతున్నారు, వాళ్ల పొట్ట కొడుతున్నారు' అని కొందరంటారు. ఇదే మాట పాకీ పని మాన్పించేటప్పుడూ విన్నాం. అయితే ఒక తేడా ఉంది. మనిషి చేత్తో మలం ఎత్తించే పని ఉండనే కూడదు. 2013 చట్టం దాన్ని నిషేధించింది. పురుగులను తొలగించే పని అలా కాదు. అది ఉండాలి. కానీ కులం పనిగా కాదు, వృత్తిగా ఉండాలి. ఈ మార్పు సాధ్యమని చెప్పడానికి పొరుగునే రుజువుంది. తమిళనాడు ఇరుల గిరిజనులు 1978లో పాములు పట్టేవారి సహకార సంఘం పెట్టుకున్నారు. పాముల చర్మాల వ్యాపారం నిషేధంతో ఆగిపోయాక, అదే నైపుణ్యంతో విషం సేకరించి, విరుగుడు మందు తయారీకి అందిస్తున్నారు. పామును పట్టి, విషం తీసి, మళ్లీ అడవిలో వదులుతారు. ఆ సముదాయానికి చెందిన వడివేల్ గోపాల్, మాసి సడయన్ 2017లో కొండచిలువలు పట్టడానికి అమెరికాలోని ఫ్లోరిడా వెళ్లారు. 2023లో ఇద్దరికీ పద్మశ్రీ వచ్చింది. నైపుణ్యం అంతకుముందూ ఉంది. దానికి సంఘం, ధర, పేరు తోడయ్యాక గౌరవం వచ్చింది.

మన వైపు చూడండి. కృష్ణా, గుంటూరు, నెల్లూరు పొలాల్లో యానాదులు ఎలుకకు ఇంత అని లెక్కగట్టి ఎలుకలు పడతారు. కన్నాల్లోకి నోటితో పొగ ఊది ఊది ఊపిరితిత్తులు పాడు చేసుకుంటారు. వాళ్లు కాపాడిన వడ్ల బస్తాల లెక్క ఏ శాఖ దగ్గరా ఉండదు. ముంబై నగరపాలక సంస్థలో రాత్రిపూట కర్రలతో ఎలుకలను చంపే ఉద్యోగులు ఉన్నారు. రాత్రికి 30 ఎలుకలు చూపించాలన్నది వాళ్ల కోటా. నగరం నిద్రపోయేటప్పుడు దాని ఆరోగ్యాన్ని కాసే మనుషులు వీళ్లు. మన నగరాల్లో పొగ యంత్రం భుజాన వేసుకుని గల్లీగల్లీ తిరిగే ఔట్‌సోర్సింగ్ కార్మికుడూ అంతే. పొగ వస్తే మనం కిటికీలు మూసుకుంటాం. అతను ఎక్కడ మూసుకోవాలి?

'ఖర్చు పెరుగుతుంది' అన్నది చివరి అభ్యంతరం. పెరుగుతుంది. పెరగాలి. ఇన్నాళ్లూ చవకగా దొరికింది పని కాదు, మనిషి. నిజానికి సగం మందు అవసరమే లేదు. బొద్దింకలకు మూలల్లో జెల్ చుక్కలు పెడితే ఇల్లంతా తడపక్కరలేదు. చెత్త మూత పెట్టి, కన్నాలు పూడిస్తే ఎలుకలు తగ్గుతాయి. దోమ గుడ్డు నుంచి రెక్కలొచ్చేదాకా వారం పది రోజులు పడుతుంది. వారానికి ఒకసారి కుండీలు, డ్రమ్ములు, కూలర్లు ఆరబెడితే ఆ వరస తెగుతుంది. ఈ పనులు మన చేతులతో చేసుకోవచ్చు. ఎవరి ఊపిరీ అరువు తెచ్చుకోనక్కరలేదు.

అందుకే మన విహారాలు, మన ఉద్యోగ సంఘాలు, మన వాళ్లు ఉన్న ప్రతి అపార్ట్‌మెంటు ముందు కొన్ని డిమాండ్లు పెడుతున్నాం. పెస్ట్ కంట్రోల్ మనిషి వస్తే ముందు లైసెన్సు చూడండి, మందు పేరు, త్రిభుజం రంగు రాసి పెట్టుకోండి. చేతి తొడుగులు, ముఖానికి తగిన మాస్కు లేకపోతే పని మొదలుపెట్టనివ్వకండి. మందు కొట్టేది మీ వాచ్‌మన్ విధి కాదని తీర్మానం రాయండి. తుట్టె తీయడం ఒప్పందం కాగితం మీద, మనిషి పేరుతో, ప్రమాద బీమాతో జరగాలి. మున్సిపాలిటీలు ఫాగింగ్ కార్మికులకు నియమాల ప్రకారం వైద్య పరీక్షలు చేయించాలి. తేనె తీసే, ఎలుకలు పట్టే గిరిజనులకు శిక్షణ, గుర్తింపు కార్డు, సహకార సంఘం ఏర్పాటుకు ప్రభుత్వాలు సాయపడాలి. చదువుకున్న మన పిల్లలు ఆ లైసెన్సులు తామే తెచ్చుకుని, ఆ కార్మికులను భాగస్వాములుగా చేర్చుకోవాలి.

మనం తీసుకున్న 22 ప్రతిజ్ఞల్లో సమానత్వం కోసం పాటుపడతామన్నదీ ఉంది, సకల ప్రాణుల పట్ల దయ చూపుతామన్నదీ ఉంది. రెండింటినీ విడదీసి ఒకదాన్నే ఇంటి గోడకు తగిలించుకోవడం కుదరదు. పురుగు మీద జాలిపడి మనిషిని మరిచేవాడికి, మనిషి భద్రత పేరు చెప్పి కనిపించిన ప్రతి జీవాన్నీ కాల్పించేవాడికి పెద్ద తేడా లేదు. ఇద్దరూ నిచ్చెన మాత్రం ఎక్కరు. వచ్చే పూత కాలానికి మన గ్రూపులో 'ఎవరినైనా పిలిపించండి' అనే మాట వస్తే, మనలో ఒకరు వెంటనే అడగాలి: ఎవరిని, ఏ పేరుతో, ఏ కూలికి, ఏ రక్షణతో? ఆ నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికేదాకా తుట్టె అక్కడే ఉండనివ్వండి.